కాలవ, కోరం, కుర్చీ

గోదావరి జిల్లాల్లో ఇరవై, ముప్ఫై ఏళ్లు స్థానిక పదవుల్లో నెట్టుకొచ్చినవాళ్లని చూడండి. ఒకే కుర్చీలో అన్నేళ్లు కూర్చున్నవాళ్లు దాదాపు కనబడరు. రిజర్వేషన్ కూర్చోనివ్వదు. ఈసారి జనరల్ అయిన వార్డు వచ్చేసారి బీసీ మహిళకి పోవచ్చు, మేయర్ పదవీ అంతే. అందుకని పక్క వార్డుకి మారతారు, జెడ్పీటీసీకి దిగుతారు, లేదా ఇంట్లో ఆడవాళ్లని నిలబెడతారు. ఆ మూడోదాంట్లో పేరు ఆవిడది, పెత్తనం ఈయనది. అది వేరే రోత. ఏలూరులో షేక్ నూర్జహాన్ గారు 2014లోనూ 2021లోనూ, రెండు వేర్వేరు పార్టీల తరఫున మేయర్ కావడం అరుదైన సంగతి. ఇంకొందరికి స్థానిక పదవి పైకెక్కే మెట్టు. జీఎంసీ బాలయోగి గారు 1987లో తూర్పుగోదావరి జిల్లా ప్రజాపరిషత్ అధ్యక్షుడయ్యారు, 1991లో అమలాపురం ఎంపీ, 1998లో లోక్‌సభ స్పీకర్.

1995లో, 2000లో మేయర్లనీ చైర్మన్లనీ ఓటర్లే నేరుగా ఎన్నుకున్నారు. 2005 నుంచి ఆ ఎంపిక కౌన్సిల్ చేతికొచ్చింది. దాంతో ఆట మారిపోయింది. ఊరంతా తెలిసిన మనిషి కంటే, యాభై మంది కార్పొరేటర్లలో ఇరవై ఆరు మందిని కూడగట్టగలిగిన మనిషి ముఖ్యమయ్యాడు. పైగా ఎంపీ, ఎమ్మెల్యే, ఎమ్మెల్సీలకి ఎక్స్‌అఫీషియో, అంటే పదవి రీత్యా వచ్చే, ఓటు ఉంది కాబట్టి ఆ ఇరవై ఆరు కూడా నికరం కాదు. విప్, అంటే ఫలానావారికే ఓటెయ్యాలన్న పార్టీ ఆదేశం, ధిక్కరించినవాడి సభ్యత్వం పోతుంది గానీ వేసిన ఓటు చెల్లుతుంది. ఈ ఒక్క ముక్క తెలియక దెబ్బతిన్నవాళ్లున్నారు.

దించడం ఎక్కించడం కన్నా కష్టం. అవిశ్వాసానికి నోటీసు ఇవ్వడానికి సగం మంది సంతకాలు చాలు, నెగ్గడానికి మాత్రం మొత్తం సభ్యుల్లో మూడింట రెండొంతులు కావాలి. నాలుగేళ్లు నిండేదాకా ఆ ప్రస్తావనే తేకూడదన్నది అప్పటి నిబంధన. కాకినాడలో 2017 సెప్టెంబరులో ఎన్నికైన మేయర్ మీద 2021 అక్టోబరులో అవిశ్వాసం నెగ్గింది. లెక్క చూడండి, నాలుగేళ్లు దాటీ దాటగానే.

ఇంత పడి కుర్చీ ఎక్కితే చేతిలో ఏముంటుంది? అమలు చేసే అధికారం కమిషనర్‌ది. మేయర్ చేతిలో ఉన్నది సభ, అజెండా. పదిమంది కార్పొరేటర్లకి ఒకరు చొప్పున ఎన్నికయ్యే స్థాయీ సంఘానికి (స్టాండింగ్ కమిటీకి) కూడా ఆయనే అధ్యక్షుడు. ముదిరిన మేయర్ అజెండాని చాలా ముందుగా పంచిపెడతాడు. సమావేశం రోజు ఉదయం బల్ల మీద పెట్టే టేబుల్ అజెండాలో ఖర్చు అంశాలు ఎక్కువైతే అసమ్మతి అక్కడే పుడుతుంది.

అసలు పరీక్ష మురుగుకాలవ. డెల్టా ఊళ్లు పళ్లెంలా చదును, వాలు దొరకదు. వీధి డ్రెయిన్ వేసేముందు అది చివర కలిసే పెద్ద కాలవ అడుగు ఎంత లోతులో ఉందో, వానాకాలంలో నీరు ఎంతవరకు నిలుస్తుందో చూసి, అక్కణ్ణుంచి వెనక్కి వాలు లెక్క కట్టుకుంటూ రావాలి. చాలాచోట్ల తిరగేసి చేస్తారు. వీధి మొదట్లో మొదలెట్టి కట్టుకుంటూ పోతే, చివరికొచ్చేసరికి డ్రెయిన్ అడుగు కాలవ నీటిమట్టం కంటే కిందికి పోతుంది. అప్పుడు వానపడితే నీరు వెళ్లదు సరికదా, ఎదురొస్తుంది. ఒకే డ్రెయిన్‌ని నాలుగు ముక్కలు చేసి నలుగురు కాంట్రాక్టర్లకి ఇస్తే నాలుగు లెవెళ్లు. పాత రోడ్డు తవ్వకుండా దానిమీదే సిమెంటు రోడ్డు పోస్తే, రెండు విడతలయ్యేసరికి గుమ్మాలు రోడ్డు కంటే పల్లంలో పడతాయి. కార్పొరేటర్ ఓడిపోయేది అక్కడే.

కాలవలో పూడిక తీయడానికి కాలం ముఖ్యం. వేసవిలో పంట కాలవలు కట్టేసినప్పుడే అడుగు కనబడుతుంది. ఆ వ్యవధి పట్టుకోవాలంటే ఫిబ్రవరికల్లా ఎస్టిమేటు, మార్చిలో కౌన్సిల్ ఆమోదం, టెండరు అయిపోవాలి. మేలో తీర్మానం చేస్తే పని నీళ్లొదిలాక జరుగుతుంది. ఎంత తీశారో నీళ్లకింద కొలిచేదెవరు? ఎం-బుక్‌లో, అంటే పని కొలతలు ఎక్కించే పుస్తకంలో, రాసినదే లోతు. ఆపైన తీసిన మట్టిని గట్టుమీదే వదిలేస్తే మొదటి వానకి తిరిగి కాలవలోకే.

కాలవ కట్టేసిన అదే రోజుల్లో మంచినీళ్ల చెరువు ఊరిని కాయాలి. లక్ష జనాభాకి తలసరి 135 లీటర్ల లెక్కన రోజుకి 1.35 కోట్ల లీటర్లు. నలభై ఐదు రోజులు కాలవ మూస్తే 60.75 కోట్ల లీటర్లు. దీనికి ఆవిరయ్యేదీ ఇంకిపోయేదీ కలుపుకోవాలి. కాలవ కట్టకముందే చెరువు నిండిందో లేదో స్వయంగా చూసుకోని చైర్మన్ ఏప్రిల్ నెలాఖరుకి ట్యాంకర్ల వెంట పరిగెత్తుతాడు.

ఇక వరద. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. నది పెరిగితే అందులోకి దిగే మురుగు తూములు మూసేయాలి, లేకపోతే గోదారే ఊళ్లోకొస్తుంది. మూసేశాక ఊళ్లో పడిన వానని మోటార్లతో తోడాలి. డీజిల్ ఎక్కడ నిల్వ ఉంది, ఏ మోటారు పనిచేస్తోంది అన్నది జూన్‌లోనే చూసి ఉంచాలి.

పన్ను సంగతి క్లుప్తంగా. 2021 నుంచి ఇంటిపన్ను ఆస్తి విలువ మీద, ఏటా పెంపు 15 శాతం మించకుండా. ఏప్రిల్ నెలాఖరులోగా ఏడాదంతా కట్టేస్తే 5 శాతం తగ్గింపు. తెలిసిన కార్పొరేటర్ ఈ తేదీ చెప్పడానికే ఇల్లిల్లూ తిరుగుతాడు. వడ్డీ పడ్డాక ఏ ఇంటాయన గోడు వినడమైనా కష్టమే.

పదవి లేని ఏళ్లు కూడా కెరీర్‌లో భాగమే. 2010 నుంచి 2014 దాకా ఎన్నికైన కౌన్సిళ్లు లేక ప్రత్యేకాధికారుల పాలన. రాజమహేంద్రవరంలో 2014 పాలకవర్గం గడువు 2019లో తీరింది, 2021 మార్చి 10న చాలా ఊళ్లలో పోలింగ్ జరిగినా అక్కడ జరగలేదు. కాకినాడలోనూ 2022లో గడువు తీరాక కుర్చీ ఖాళీ. అలాంటప్పుడు వీధిలో నీరు నిలిస్తే జనం ఫోన్ చేసేది మాజీ కార్పొరేటర్‌కే. సంతకం పెట్టే హక్కు ఆయనకి లేదు. శానిటరీ ఇన్‌స్పెక్టర్ నంబరూ, ఏ కల్వర్టు దగ్గర చెత్త అడ్డుపడుతుందో ఆ జాగా మాత్రం తెలుసు.