మామ్మగారి 50 కిలోలు

మా ఇంటిగలావిడ నా చేతికున్న మట్టి గాజులు తిప్పి చూసి, "ఒకప్పుడు ఇవి మీ దేశానికి మా ఊరి నుంచే వెళ్లేవి" అన్నారు. మాట నిజమే. ఆవిడ ఊరు ఇప్పటి చెక్ దేశంలోని యాబ్లొనెత్స్. జర్మన్లకు అది గాబ్లోంజ్.

ఇప్పుడు మేముంటున్నది బవేరియాలోని నోయిగాబ్లోంజ్. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక చెకొస్లొవేకియా అక్కడి నుంచి వెళ్లగొట్టిన జర్మన్లు పాడుబడ్డ మందుగుండు కర్మాగారం స్థలంలో కట్టుకున్న పేట. చేతిలో పని ఉంది కనుక ఇక్కడా గాజు పూసలే చేశారు.

1946లో మామ్మగారికి (నేను అలాగే పిలుస్తాను, ఆవిడకూ అలవాటైపోయింది) ఎనిమిదేళ్లు. వెళ్లగొట్టేటప్పుడు మనిషికి 50 కిలోల సామానే. ఇంటి తాళంచెవి అప్పగించి పోవాలి. వాళ్లమ్మ ఈకల దుప్పటి మడిచి, మధ్యలో ఇనుప పెనం, పెనంలో సబ్బుబిళ్లలు సర్దారట. తూకం మీరిందని ఒక జత బూట్లు తీయించారు. యుద్ధం నుంచి ఇంకా తిరిగిరాని భర్త కోసం దాచినవి. తర్వాత సరుకుల రైలుపెట్టెలో 30 మంది, రైలంతా కలిపి 1200. ఫుర్త్ ఇమ్ వాల్డ్ దగ్గర సరిహద్దు దాటగానే తల నిండా పేలు చంపే డీడీటీ పొడి చల్లారు.

ఈ జర్మన్ల బదిలీ "క్రమంగా, మానవత్వంతో" జరగాలని పోట్స్‌డామ్‌లో యుద్ధం గెలిచిన దేశాల పెద్దలు రాసుకున్నది 1945 ఆగస్టులో. అప్పటికే, మే నెలాఖరున, చెక్ నగరం బ్ర్నో నుంచి జర్మన్ ముసలివాళ్లనూ తల్లీపిల్లలనూ ఆస్ట్రియా సరిహద్దు వైపు నడిపించారు. దారిలో ఎందరో పోయారు. మొత్తం మీద దేశం విడిచినవారు దాదాపు 30 లక్షలు.

చెక్కుల కోపం ఊరికే పుట్టలేదు. 1935 ఎన్నికల్లో అక్కడి జర్మన్లలో మూడింట రెండు వంతుల మంది తర్వాత హిట్లర్ వైపు వెళ్లిన హెన్లైన్ పార్టీకే ఓటేశారు. 1942లో నాజీలు లిడిట్సె అనే చెక్ గ్రామంలో మగవాళ్లను కాల్చి చంపి, ఊరినే నేలమట్టం చేశారు. మామ్మగారు ఇవేవీ దాచరు. "మా నాన్న హెన్లైన్ సభలో చెయ్యెత్తాడు. నాకప్పటికి చెయ్యెత్తే వయసే లేదు" అంటారు. ఆ లెక్కకు నా దగ్గర జవాబు లేదు. శిక్ష వేసేటప్పుడు భాష చూశారే తప్ప మనిషిని చూడలేదు.

ఇల్లు తిరిగి కావాలని ఆవిడ ఎన్నడూ అనలేదు. అందులో ఇప్పుడు ఎవరి పిల్లలో పెరుగుతున్నారు కదా అంటారు. 1946 నాటి చెకొస్లొవేకియా 115వ చట్టం మాట ఎత్తితే మాత్రం గొంతు పెరుగుతుంది. 1945 అక్టోబరు 28 వరకు ప్రతీకారంగా చేసినవి నేరాలు కావని చెప్పిన ఆ చట్టాన్ని ఇంతవరకు రద్దు చేయలేదు.