హెడ్స్ బిగించాక ముందు పుష్‌రాడ్ పొడవు చూడండి

కొత్త సిలిండర్ హెడ్స్ (ఇంజిన్ పైన వాల్వ్‌లు ఉండే భాగాలు) అనగానే అందరూ ఫ్లో నంబర్లే (ఎంత గాలి పోతుందన్న లెక్కలే) అడుగుతారు గానీ అసలు పనంతా వాల్వ్‌ట్రెయిన్ (వాల్వ్‌లని తెరిచి మూసే భాగాలు) దగ్గరే ఉంటుంది. హెడ్ మారినా, గ్యాస్కెట్ మందం మారినా, డెక్ (ఇంజిన్ బ్లాక్ మీద హెడ్ కూర్చునే పైతలం) కాస్త చెక్కించినా పాత పుష్‌రాడ్ (వాల్వ్‌ని తెరిచే మీటని కింద నుంచి తోసే కడ్డీ) సరిపోతుందన్న గ్యారంటీ లేదు, అందుకే అడ్జస్టబుల్ చెకింగ్ పుష్‌రాడ్ (కొలత కోసం పొడవు మార్చుకోగలిగేది) పెట్టి, వాల్వ్ కొనకి మార్కర్ పూసి, క్రాంక్‌ని చేత్తో రెండు రౌండ్లు తిప్పి రాకర్ (వాల్వ్‌ని నొక్కే ఆ మీట) గీత ఎక్కడ పడిందో చూడండి, సన్నగా మధ్యలో పడితే హాయి, వెడల్పుగా పడితే మాత్రం వాల్వ్ గైడ్‌లు (వాల్వ్ కాడ కదిలే గొట్టాలు) తొందరగా అరిగిపోతాయి.

తర్వాత పిస్టన్‌కీ వాల్వ్‌కీ మధ్య గ్యాప్. స్టీల్ కనెక్టింగ్ రాడ్లుంటే (పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపేవి) మామూలుగా ఇంటేక్‌కి 0.080, ఎగ్జాస్ట్‌కి 0.100 అంగుళం ఉంచుతారు, ఎందుకంటే ఎగ్జాస్ట్ వాల్వ్ వేడికి సాగుతుంది, పైగా అది మూసుకునేటప్పుడు పిస్టన్ వెనకే తరుముతూ పైకొస్తుంది. ఇది కొలవకుండా స్టార్ట్ చెయ్యొద్దు ప్లీజ్.