రెండో రంధ్రం దారికి వచ్చిందాకా

మౌత్ ఆర్గాన్ అనగానే చాలామంది చేతికి వచ్చేది రెండు వరుసల ట్రెమొలో. అందులో ఒక్కో స్వరానికి రెండు రీడ్లు (గాలికి కంపించి మోగే సన్నని లోహపు రేకులు), శ్రుతిలో కొద్దిపాటి తేడాతో మోగుతాయి. ఆ అలల శబ్దంలో మన తప్పులు దాగిపోతాయి. అందుకే టోన్ (స్వరం నిండుదనం) సాధనకు 10 రంధ్రాల డయాటోనిక్ (ఒకే స్కేలు స్వరాలకు కట్టిన ఆర్గాన్), సి కీ, పట్టుకున్నాను.

ఊదుడు తొందరగానే వచ్చింది. చిక్కంతా గుంజుడు (గాలి లోపలికి పీల్చడం) దగ్గరే, అదీ రెండో రంధ్రంలో. స్వరం బొంగురుగా, శ్రుతికి కిందుగా పలికేది. రీడ్ పాడైందనుకుంటాం గానీ తప్పు మన నోటిది. ఆ రంధ్రం లోపలి గదిలో ఊదే రీడ్‌కు, గుంజే రీడ్‌కు మధ్య మూడు అర్ధస్వరాల ఎడం ఉంటుంది. నాలుక పైకి లేచి నోరు ఇరుకైతే గుంజినప్పుడు రావాల్సిన జి స్వరం కిందికి జారుతుంది. బెండింగ్ పేరుతో తర్వాత కావాలని చేసేది ఇదే.

సరిచూసుకోవడానికి కొలత ఆర్గాన్‌లోనే ఉంది. మూడో రంధ్రంలో ఊదినా, రెండో దాంట్లో గుంజినా అదే జి. ముందు మూడు ఊది, ఆ శ్రుతి చెవిలో ఉండగానే రెండు గుంజాలి. ఫోన్ ట్యూనర్‌లో 392 హెర్ట్జ్ దగ్గర ముల్లు నిలవాలి. "ఈ" అనే నోటితో గుంజితే ముల్లు పడిపోతుంది, "ఓ" అనే నోటితో గుంజితే లేస్తుంది. ఆవలింత వచ్చేటప్పుడు గొంతు వెనక ఎట్ల తెరుచుకుంటుందో అట్లనే ఉంచాలి. నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఈ ఒక్క పోలికే.

పెదవుల కొసలతో పట్టుకోవద్దు. ఆర్గాన్‌ను లోపలిదాకా తీసుకుంటే పెదవుల తడి భాగం కవర్ మీద ఆనుతుంది, మూలల్లో గాలి పోదు. గుంజుతూ ముక్కు మూసి చూడండి: శబ్దం ఒక్కసారిగా నిండితే ఇంతసేపూ గాలి ముక్కులోంచి వస్తున్నట్టే. ఛాతీ కాదు, పొట్ట కదలాలి. మెట్రోనోమ్ (లయ కొట్టే సాధనం) నిమిషానికి 60 బీట్ల మీద పెట్టి, ఒక్కో స్వరం ఎనిమిది బీట్లు, వినపడీ వినపడనంత మెల్లగా మొదలుపెట్టి పెంచుతూ పోయాను. బలంగా గుంజితే టోన్ రాదు, రీడ్ అలిసి శ్రుతి తప్పుతుంది. గోడకు మూరెడు దూరంలో నిలబడితే మన శబ్దం మనకు తిరిగొచ్చి నిజం చెబుతుంది.

ఇంత చేసినా పలకకపోతే అప్పుడు కవర్ విప్పాలి. గుంజే రీడ్లు కింది ప్లేటుకు బయటివైపే కనిపిస్తాయి. రీడ్ కొనకు, ప్లేటుకు నడుమ సందు దాదాపు రీడ్ కొన మందమంత ఉండాలి. తక్కువైతే గట్టిగా గుంజినప్పుడు బిగుసుకుపోతుంది, ఎక్కువైతే గాలి వృథా. అగ్గిపుల్లతో వెంట్రుకవాసి కదిపి, వాయించి, మళ్లీ చూడాలి.

బెల్లం చాయ్ తాగి నోరు పుక్కిలించకుండా వాయిస్తే రీడ్లు జిగటపడతాయి. చలికాలం పొద్దున చల్లని రీడ్ల మీద ఊపిరి చెమ్మ పట్టి స్వరం ఆగిపోతుంది. ముందు రెండు అరచేతుల మధ్య వెచ్చబెట్టాలి. ఎండాకాలం నల్లగొండలో ఎండన పెట్టిన బండి డిక్కీలో మాత్రం వదిలేయొద్దు. వాయించాక రంధ్రాలు కిందికి పెట్టి అరచేతి మీద నాలుగుసార్లు తట్టి, ఆరిన తర్వాతే డబ్బాలో పెడతాను.