మళ్లీ విత్తే పనిలేని బుడ్డచెట్టు

సెకండ్ షిఫ్టు ముగించుకుని పీణ్యా పారిశ్రామికవాడ నుంచి ఇల్లు చేరేసరికి రాత్రి పదకొండవుతుంది. గేటు తీయగానే నా కళ్లు ముందు గోడవారగా ఉన్న మట్టి మీదికే పోతాయి. అక్కడ పాకిన పింటో పీనట్ తీగ ఆకులన్నీ జంటలు జంటలుగా ముడుచుకుని ఉంటాయి. ధర్మవరం దగ్గర మా బుడ్డల (వేరుశనగ) చేను కూడా పొద్దుగూకితే అచ్చం ఇలాగే ముడుచుకునేది. మిషన్ల హోరు చెవుల్లో ఇంకా తగ్గకముందే ఆ ఆకుల్ని చూస్తే ప్రాణం కుదుటపడుతుంది.

బెంగళూరుకు వచ్చి పదమూడేళ్లు. ఇప్పుడున్నది దాసరహళ్లిలో కింది అంతస్తు అద్దె ఇల్లు. ముందు మూడడుగుల వెడల్పు, పద్నాలుగు అడుగుల పొడవు మట్టి, పైన పనసచెట్టు నీడ. వాన పడితే ఎర్రమట్టి కొట్టుకొచ్చి సంపు మూతి దగ్గర చేరేది. ఇంటి ఓనరు అజ్జి పొద్దున్నే చీపురు పట్టుకుని, "ఏనప్పా, ఏమైనా నాటరాదా?" అని అడిగేది.

మొదట మెక్సికన్ గ్రాస్ పరిచాను. గడ్డికి ఎండ కావాలి. పనస నీడలో రెండు నెలలకే పసుపుబారి ఊడిపోయింది. తర్వాత రోడ్డు పక్క పచ్చగా పాకుతున్న వెడీలియా తెచ్చి గుచ్చాను. చిన్న పొద్దుతిరుగుడు లాంటి పూలు, నీళ్లు పోయకపోయినా బతుకుతుంది. ఒక్క వానాకాలంలో నేలంతా కమ్మేసి, అజ్జి పెంచుకునే దొడ్డపత్రె (వామాకు) మీదికీ ఎక్కింది. పీకితే తెగిన ప్రతి కణుపూ మళ్లీ మొలకెత్తింది. ప్రపంచంలో బయటి నుంచి వచ్చి ఎక్కువ హాని చేసే 100 జీవజాతుల జాబితాలో అదీ ఒకటని తర్వాత తెలిసింది. ఎవరైనా ఉచితంగా ఇచ్చినా దయచేసి నాటకండి.

మదనపల్లె నుంచి వచ్చి ఇక్కడ నర్సరీ నడుపుతున్న ఒకాయన నా మాట యాస పట్టుకుని, "అన్నా, మన బుడ్డలకు చుట్టమే ఒకటుంది, పట్టుకుపో" అన్నాడు. అదే పింటో పీనట్. బ్రెజిల్ అడవి మొక్క. 1954లో జెరాల్డో పింటో అనే వృక్షశాస్త్రవేత్త సేకరించాడు, ఆయన పేరే దానికి నిలిచింది. మన బుడ్డచెట్టు లాగే నాలుగేసి ఆకులు, పసుపుపచ్చ పూలు, వేళ్ల బుడిపెల్లో గాలిలోని నత్రజనిని పట్టే బాక్టీరియా. కాబట్టి యూరియా అక్కర్లేదు. తేడా ఒక్కటే, మన పంట నాలుగు నెలల్లో అయిపోతుంది. ఇది ఏళ్ల తరబడి ఉంటుంది. తీగ నేల మీద పాకుతూ కణుపు కణుపు దగ్గర వేరు దింపుకుంటుంది. మట్టిని పట్టి ఉంచేది ఆ వేర్లే.

జూన్ వానలు మొదలయ్యాక జానెడు ముక్కలు కోసి, కింది ఆకులు తీసేసి, రెండు కణుపులు మట్టిలోకి పోయేలా జానెడు దూరంలో నాటాను. నాటే ముందు తుంగ గడ్డలన్నీ ఏరేయాల్సింది. తొందరపడి పైపైన తవ్వి వదిలేశాను. దాని ఫలితం ఐదు నెలలు అనుభవించాను. ఉన్న సెలవు ఒక్క ఆదివారం. ఆ ఆదివారాలన్నీ గొంతుక్కూర్చుని తుంగ పీకడానికే పోయాయి. ఒక్కసారి ఆకు ఆకు కలిసి నేల కనపడకుండా మూసుకున్నాక, కలుపు దానంతటదే తగ్గింది. ఇప్పుడు అంచులు కత్తిరించడం తప్ప పెద్దగా పనిలేదు. కొళాయి కింద ఎప్పుడూ తడిగా ఉండే మూల మాత్రం సరస్వతి ఆకుకు వదిలాను. అజ్జి దాన్ని ఒందెలగ అంటుంది, కోసుకెళ్లి తంబుళి (పెరుగు కలిపిన పచ్చడి) చేసి నాకూ ఒక గిన్నె పంపుతుంది.

2024 మార్చిలో నీళ్ల కరువొచ్చి, తాగునీటిని తోటలకు వాడితే 5,000 రూపాయల జరిమానా అన్నారు. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు దాచి పోశాను. సగం ఆకు రాలింది. టెన్షన్ పడ్డాను గానీ, తీగలు చావలేదు. మే జల్లులకు కణుపుల నుంచి మళ్లీ చిగురించాయి.

ఆ ఏడాది కార్తీకమాసం చివరి సోమవారం బసవనగుడిలో కడలెకాయి పరిషె (బుడ్డల జాతర) చూడాలని నాయన వచ్చాడు. కుప్పలు పోసిన బుడ్డల్ని ఒక్కొక్కచోట ఆగి పట్టి చూశాడు, గింజ కొరికి చూశాడు. ఇంటికొచ్చాక గేటు దగ్గరే నిలబడిపోయాడు.

"ఏం రా, ఇది బుడ్డచెట్టు కదా? కాయలు కాస్తాయా?"

"తినేటంత కాయవు నాయనా."

నమ్మలేదు. వేలితో మట్టి కెలికి ఊడ వెంట వెతికి, చిటికెన వేలి గోరంత కాయ ఒకటి తీశాడు. పగలగొడితే ఒంటి గింజ. దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"మళ్లీ ఎప్పుడు విత్తాల?"

"విత్తే పనిలేదు. అదే ఉంటాది."

మా ఇంట్లో జూన్ నెలంటే ఎంత బరువో బయటివాళ్లకు చెప్పడం కష్టం. విత్తనకాయలకు అప్పు, ఆ తర్వాత ఆకాశం వైపు చూపు. వాన ఒక పదును ఇచ్చి మొహం చాటేస్తే మొలకతో పాటు అప్పూ ఎండలోనే. మూడుసార్లు అలా పోయాకే నేను ఇటు బస్సెక్కింది. నాయన ఆ రాత్రి ఇంకేమీ మాట్లాడలేదు. పొద్దున లేచేసరికి కత్తెర తీసుకుని జానెడు ముక్కలు కోస్తూ కనిపించాడు. తడి గోనెలో చుట్టి, చీనీ (బత్తాయి) చెట్ల కింద నాటుతానని ఊరికి పట్టుకెళ్లాడు.

డ్రిప్పు చుక్క పడే చోట నాటినవి పదకొండు బతికాయట. మిగతావి సంక్రాంతికే ఎండిపోయాయి. ఫోన్ చేసినప్పుడల్లా నా జీతం సంగతి కంటే ముందు ఆ పదకొండూ ఎంత దూరం పాకాయో చెబుతాడు.