టులెట్ బోర్డు దగ్గర మొదటి ప్రశ్న

బెజవాడ సత్యనారాయణపురంలోనో గుంటూరు బ్రాడీపేటలోనో టులెట్ బోర్డు చూసి లోపలికెళ్తే, అద్దె ఎంతో చెప్పకముందే "మీరేమిట్లండీ?" అని కులం అడిగే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. సూటిగా అడగలేనివాళ్ళు ఇంటిపేరు అడుగుతారు. వీళ్ళలో చాలామందికి ఎవరిమీదా పగ ఉండదు. మనోళ్ళయితే నిశ్చింత అనుకుంటారు, అంతే. పరాయివాళ్ళ మీద చిన్నచూపు చాలావరకు ఇలాగే మొదలవుతుంది.

మనోళ్ళు, పరాయోళ్ళు అనుకోవడానికి పాత కక్షలేమీ అక్కర్లేదు. మనస్తత్వవేత్త హెన్రీ తాజ్‌ఫెల్ 1970లో ప్రచురించిన ప్రయోగాల్లో ఇంగ్లండులోని బ్రిస్టల్ స్కూలు కుర్రాళ్ళను, ఏ చిత్రకారుడి బొమ్మలు నచ్చాయన్న సాకుతో రెండు జట్లు చేశాడు. తను ఏ జట్టో తెలుసు గానీ, మిగతావాళ్ళలో ఎవరు ఏ జట్టో ఎవరికీ తెలియదు. అయినా డబ్బు పంచమంటే తమ జట్టు వైపే మొగ్గారు. తమవాళ్ళకు కాస్త తగ్గినా ఫర్వాలేదు, అవతలివాళ్ళకన్నా ఎక్కువుంటే చాలనుకున్నవాళ్ళూ ఉన్నారు.

ఆ తర్వాత పని జ్ఞాపకశక్తి చేస్తుంది. 1976లో హామిల్టన్, గిఫర్డ్ అనే మనస్తత్వవేత్తలు రెండు గుంపులవాళ్ళు చేసిన పనుల గురించి 39 వాక్యాలు చదివించారు. 'ఎ' గుంపువాళ్ళ మంచి పనులు 18, చెడ్డవి 8. 'బి' గుంపువి 9, 4. రెండింటా నిష్పత్తి ఒకటే. కానీ చదివినవాళ్ళు 'బి'కి ఉన్నవాటికన్నా ఎక్కువ చెడ్డ పనులు అంటగట్టారు. అరుదైన గుంపు, అరుదైన పని కలిసి కనబడితే మనసులో గట్టిగా నాటుకుంటాయి. అందుకే మనోళ్ళలో ఇద్దరు అద్దె ఎగ్గొడితే "ఆ ఇద్దరూ అంతే" అంటాం. పరాయివాడు ఒక్కడు ఎగ్గొడితే "వాళ్ళంతా అంతే" అనేస్తాం.

ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు ముందే కాగితం మీద రాసుకోవాలి: అడ్వాన్సు ఎంత, అద్దె ఏ తేదీకి, ఎంతమంది ఉంటారు, కరెంటు బిల్లు ఎవరిది. వచ్చిన ప్రతివాళ్ళనూ ఇవే, ఇదే వరుసలో అడగాలి. అద్దె కట్టగలరా లేదా అన్నది ఇంటిపేరులో దొరకదు. "వాళ్ళంతే" అన్న మాట నోటిదాకా వస్తే రెండు లెక్కలు వేయండి. వాళ్ళలో ఎంతమందికి ఇల్లిచ్చాం? మనవాళ్ళలో అదే పని చేసినవాళ్ళెందరు? మొదటి లెక్క తరచుగా ఒకటి దగ్గరే ఆగిపోతుంది.

రోజూ కలిసి మెలిగితే ఈ చిన్నచూపు దానంతటదే పోతుందన్న మాట సగమే నిజం. పనిమనిషి ఇరవై ఏళ్ళుగా ఇంట్లోకి వస్తూనే ఉంటుంది, ఆమె గ్లాసు మాత్రం కిటికీ గూట్లో విడిగా ఉంటుంది. మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే చెప్పాడు: కలిసి మెలగడం ఫలించాలంటే సమాన హోదా ఉండాలి, లక్ష్యం ఒకటై ఉండాలి, పెద్దల మద్దతూ ఉండాలి. మన దేశంలోనే దీన్ని పరీక్షించారు. ఉత్తరప్రదేశ్‌లో మాథ్యూ లో (Lowe) అనే ఆర్థికవేత్త 1,261 మంది యువకులను తీసుకుని, వాళ్ళలో కొందరితో క్రికెట్ లీగులు ఆడించాడు. ఒకే జట్టులో ఆడిన వేర్వేరు కులాలవాళ్ళ మధ్య స్నేహాలు పెరిగాయి. ప్రత్యర్థులుగా తలపడిన చోట దూరమే మిగిలింది.

కాబట్టి అపార్ట్‌మెంటులో సంక్రాంతి ఆటలు పెడితే బ్లాకుకో జట్టు వద్దు. చీటీలు తీసి అందరినీ కలిపి జట్లు కట్టండి. ట్యాంకరు నీళ్ళ లెక్కకు, లిఫ్టు రిపేరుకు ఇద్దరేసి చొప్పున పని అప్పగించేటప్పుడూ చీటీలే వేయండి. ఎవరికి నచ్చినవాళ్ళను వాళ్ళు ఎంచుకోమంటే మళ్ళీ ఆ పాత జట్లే తయారవుతాయి.