స్లాబు కింద నీళ్లు

గుంటూరు వైపు నల్లరేగడి నేలలో నేను చూసుకునే సెక్షన్ సిమెంటు రోడ్డు. వాన వెలిసి గంటైనా, లోడు లారీ వెళ్లినప్పుడల్లా స్లాబుల మధ్య జాయింటులోంచి బురదనీళ్లు చివ్వున చిమ్మేవి. షోల్డర్ (రోడ్డు పక్క అంచు) మీద బూడిదరంగు మరకలు. జాయింటు మీద స్కేలు పెడితే, లారీ వెళ్లే దిశలో ముందరి స్లాబు 5 మిల్లీమీటర్లు దిగి ఉంది.

జాయింటులో నింపే సీలెంట్ పాతబడిందనుకుని పీకించి కొత్తది వేయించాను. రెండు వానలకే కథ మళ్లీ మొదటికొచ్చింది. సుత్తితో కొడితే స్లాబు మూలల్లో డొల్ల చప్పుడు. చక్రం జాయింటు దాటగానే ముందరి స్లాబు టక్కున కుంగి కింది నీళ్లను వెనక్కి తోస్తుంది. వాటితోపాటు సన్నటి మట్టి కూడా వెనక స్లాబు కిందికి చేరుతుంది. అందుకే ఒకటి దిగుతుంది, ఒకటి లేస్తుంది.

అసలు సంగతి షోల్డర్ తవ్వితే తెలిసింది. స్లాబు కింద డీఎల్‌సీ అనే తక్కువ సిమెంటు కాంక్రీటు పొర, దాని కింద నీళ్లు బయటికి పోయే జీఎస్‌బీ అనే కంకర పొర ఉంటాయి. ఆ జీఎస్‌బీ పొర రోడ్డు కట్ట వాలు దాకా వెళ్లి తెరుచుకుని ఉండాలి. ఇక్కడ దాని అంచును ఎర్రమట్టితో మూసేశారు. గుంట తవ్వగానే నీళ్లు ఊరాయి. వాన పడి అప్పటికి మూడు రోజులు!

అంచున చిల్లుల పైపు వేద్దామని పైపులు దింపించాను. స్లాబు కింది ఖాళీలకు గ్రౌటింగ్ (పల్చటి సిమెంటు ముద్ద ఎక్కించడం) ఆ తర్వాతని నా ప్లాను. మా పెద్దసారు వచ్చి చూసి, "గ్రౌటు ఎక్కడికి పోతుందయ్యా? నీ కొత్త పైపులోకే" అన్నారు. సిగ్గేసింది. ముందు స్లాబుకు రంధ్రాలు వేసి గ్రౌటు ఎక్కించాం. పక్కన స్లాబు కాస్త లేచినా చూపే డయల్ గేజ్ పెట్టి, ముల్లు కదలగానే ఆపేశాం. స్లాబును లేపితే పగులుతుంది మరి. ఆ తర్వాత కాలువ తవ్వి, జియోటెక్స్‌టైల్ (మట్టిని ఆపి నీళ్లను వదిలే గుడ్డ) పరిచి, కంకర మధ్యలో పైపు. సీలెంట్ అన్నిటికన్నా చివర.

ఇప్పుడు ఏటా వానలకు ముందు పైపు పై చివర ట్యాంకరు నీళ్లు పోయించి, కింది మూతి దగ్గర నిలబడతాను. పందికొక్కులు దూరకుండా జాలీ, గడ్డిలో మూతి కనబడేలా తెల్ల రంగు రాయి.

నిరుడు ఒక మూతిలోంచి చుక్క రాలేదు. చూస్తే గోనెసంచి కుక్కి ఉంది. పక్క పొలం రైతు దాచకుండా చెప్పాడు: "నేనే పెట్టానండీ. మీ రోడ్డు నీళ్లు నా మిరపలోకి వదిలితే ఎట్టా?" ఆయన అడిగిందాంట్లో తప్పేముంది? కట్ట అడుగున కాలువ తవ్వించి వాగులో కలిపాక, సంచి ఆయనే లాగేశాడు.