ఆసాపు చేతికి తాళాలు

బైబిల్లో దేవుని మందసాన్ని (ఆజ్ఞల పలకలుంచిన పవిత్రమైన పెట్టెను) యెరూషలేముకు తెచ్చినప్పటి పాటకుల పేర్లు వస్తే చాలామందిమి గబగబా చదివేసి పేజీ తిప్పేస్తాం. నేను మాత్రం మొదటి దినవృత్తాంతములు 15:19 దగ్గర ఆగిపోతాను. స్వరమండలాలు, సితారాలు వేరేవాళ్లకు ఇచ్చారు. ముందుండి పాడించే హేమాను, ఆసాపు, ఏతానులకు ఇచ్చింది వాయించే తాళాలు. బైబిల్లోని కీర్తనల గ్రంథంలో ఆసాపు పేరున 12 కీర్తనలున్నాయి. అంత లోతుగా దేవునితో మాట్లాడినవాడి చేతికి రాగం పలికే వాద్యం కాదు, తాళాలు వచ్చాయి. అంతమంది ఒక్క గొంతుగా పాడాలంటే అందరికీ వినబడే లెక్క ఒకటి ఉండాలి కదా! వాయించే తాళానికీ, చేత్తో వేసే తాళానికీ మన తెలుగులో ఒకటే మాట. అది నాకెంతో ఇష్టం.

ఆ లెక్కనే మనం పిల్లలకు నేర్పడం మానేశాం. పాట నోటికొస్తే చాలనుకుంటున్నాం. పల్లవి దగ్గర నెమ్మదిగా ఉన్న చప్పట్లు మూడో చరణానికి పరుగందుకుంటాయి, ముసలివాళ్లు మధ్యలో ఊపిరాడక ఆగిపోతారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరవండి. పాట పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. తొలినాటి తెలుగు క్రైస్తవ కీర్తనకారుడు పురుషోత్తమ చౌదరి గారి కాలం నుంచి మన పెద్దలు అంత శ్రద్ధగా కట్టి ఇచ్చిన పాటలవి. ఆ పై వరుస ఎంతమంది చదువుతున్నాం?

మా పిల్లల్ని ఇంట్లోనే చదివిస్తున్నాం. ఉదయం ప్రార్థన అయ్యాక కాసేపు ఆది తాళం వేయిస్తాను. ఒక దెబ్బ, తర్వాత చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు. మళ్లీ దెబ్బ, ఉసి (అరచెయ్యి పైకి తిప్పడం), దెబ్బ, ఉసి. మొత్తం 8. చిన్నవాడు వేళ్లు చక్కగా లెక్కపెడతాడు. ఉసి దగ్గరే తొందర. అరచెయ్యి తిప్పితే చప్పుడు రాదు కాబట్టి వాడి దృష్టిలో అక్కడేమీ లేదు. రెండు ఉసులూ ఎగిరిపోయి 8 కాస్తా 6 అవుతుంది, పాట అందరికంటే ముందు వెళ్లిపోతుంది.

వాడికి ఇది ఎలా చెప్పాలా అని ఆలోచిస్తుంటే మోషే ప్రార్థన అయిన 90వ కీర్తన గుర్తొచ్చింది. "మా దినములు లెక్కించుటకు మాకు నేర్పుము." మోషే అడిగింది మంచి దినాల లెక్క ఒక్కటే కాదు. మా అమ్మ మంచాన పడి ఉన్న నెలల్లో నా ప్రార్థనకు ఏ జవాబూ వినబడలేదు. ఆ రోజుల్ని నా జీవితంలోంచి తీసేస్తే బాగుండునని చాలాకాలం అనుకున్నాను. చెయ్యి తిప్పినంతసేపూ తాళం నడుస్తూనే ఉందని నాకు అప్పుడు తెలియలేదు. దేవుని చెయ్యి నా వైపు తిరిగే ఉంది, చప్పుడు మాత్రం లేదు. ఆ నెలలు కూడా ఆయన లెక్కలోవే.

ఇంత తెలిసీ, ఒకరోజు వాడు నాలుగోసారి తప్పేసరికి గట్టిగా కసిరాను. వాడు చేతులు వెనక్కి దాచుకున్నాడు. ప్రేమ లేనివాడు "గణగణలాడు తాళము" అని పౌలు కొరింథీయులకు రాసిన మాట ఆ క్షణాన నాకే తగిలింది. పుస్తకం మూసి, వాణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని క్షమాపణ అడిగాను.

అమ్మలారా, నాన్నలారా, పిల్లలకు లెక్క నేర్పండి, కానీ కోపంతో నేర్పకండి. ఫోన్‌లో రిథమ్ పెట్టి వదిలేయకండి. మీ చేతిని వాళ్ల చేతిలో పెట్టి వేయించండి. వారంలో ఒక్క పాటే రానివ్వండి, ఫరవాలేదు. ఆ ఒక్కటీ అందరూ కలిసి మొదలుపెట్టి కలిసి ముగించేలా ఉండాలి.

నిన్న రాత్రి కుటుంబ ప్రార్థనలో నేను తాళం వేయలేదు. పెద్దమ్మాయి తమ్ముడి అరచేతిని తన చేతిలోకి తీసుకుని, ఉసి వచ్చిన ప్రతిసారీ మెల్లగా తిప్పింది. వాడు ఆ ఖాళీలో నోరు మూసుకుని, అక్క ముఖం వైపు చూస్తూ ఆగాడు.